‘దేన్ని?’ అని అడగని కమాండ్లు

లినక్స్ టెర్మినల్లో ‘పింగ్’ అని ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కండి. గమ్యం చిరునామా ఇవ్వలేదని చెప్పి ఆగిపోతుంది. అక్కడే ‘డిగ్’ అని ఒక్క మాట కొట్టండి. ఏ పేరు గురించి అడుగుతున్నారో చెప్పకపోయినా అది ఏమీ అనదు. డొమైన్ పేర్ల వ్యవస్థకు కొసన ఉండే రూట్ సర్వర్ల పేర్లు 13 తెచ్చి ముందు పెడుతుంది. ‘టెల్‌నెట్’ తీరు ఇంకోలా ఉంటుంది. తన ప్రాంప్ట్ ఒకటి చూపించి, ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడు చెప్పండి అన్నట్టు ఎదురుచూస్తుంది.

మూడూ నెట్‌వర్క్ పనిముట్లే. మూడింటికీ చెప్పాల్సింది చెప్పలేదు. ఒకటి తిరస్కరించింది, ఒకటి ఊహించుకుంది, ఒకటి అడిగింది. మరి ఆర్గ్యుమెంట్ లేకుండా వచ్చిన కమాండ్‌ని ఏం చేయడం సరైన పద్ధతి? నిర్మొహమాటంగా తోసిపుచ్చాలనేవాళ్లు ఉన్నారు. వాడేవాళ్ల ఉద్దేశం కనిపెట్టి మిగతాది తనే పూరించుకోవాలి, లేకపోతే అదేం పనిముట్టు అనేవాళ్లూ ఉన్నారు. ఆ కమాండ్ చూసే పనికా, మార్చే పనికా అని మాత్రం ఈ ఇద్దరిలో ఎవరూ ముందు అడగరు. నా లెక్కలో సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

అసలు ఈ అలవాటు ఎక్కడిది?

యూనిక్స్‌లో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోవడం తప్పేమీ కాదు, దానికీ ఒక అర్థం ఉంది. 1973లో పైపులు వచ్చినప్పటి నుంచి ‘క్యాట్’, ‘సార్ట్’ లాంటి వాటికి ఫైలు పేరు ఇవ్వకపోతే పైపులోంచి వచ్చేదే చదువుకోమని అర్థం. ఖాళీ టెర్మినల్లో ‘క్యాట్’ అని కొట్టి అది వేలాడిపోయిందేమోనని కంగారుపడే కొత్తవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది వేలాడలేదు, మీరేమైనా టైపు చేస్తారేమోనని చూస్తోంది.

నెట్‌వర్క్ పనిముట్లు ఈ వాతావరణంలోనే పుట్టాయి. ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ అని ఊరికే కొడితే పనిలో ఉన్న ఇంటర్‌ఫేసులన్నీ చూపిస్తుంది. ‘నెట్‌స్టాట్’ తెరిచి ఉన్న సాకెట్లు చూపిస్తుంది. ఏదీ చెప్పకపోతే అన్నీ చూపించు అన్నది అక్కడ సబబైన అర్థమే. నాలుగు వరసలు ఎక్కువ కనిపించినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు.

‘పింగ్’కి ఆ వెసులుబాటు లేదు. 1983 డిసెంబరులో మైక్ మూస్ దాన్ని అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబరేటరీలో రాశాడు. ప్రపంచంలో ఏ యంత్రానికి ప్యాకెట్ పంపాలో అది ఊహించలేదు కాబట్టి గమ్యం విషయంలో కచ్చితంగా ఉంటుంది. అదే ‘పింగ్’ ఎన్ని ప్యాకెట్లు పంపాలన్న సంగతిలో మాత్రం ఉదారంగా ఉంటుంది. సంఖ్య చెప్పకపోతే లినక్స్‌లో కంట్రోల్-సి నొక్కేదాకా పంపుతూనే ఉంటుంది, విండోస్‌లో 4 పంపి ఊరుకుంటుంది, సిస్కో రూటర్లో 5. ఒకే కమాండ్‌లో ఒక లోటుని ఒప్పుకోవడం లేదు, మరో లోటుని తనే పూడ్చుకుంటోంది. అంచేత అన్నిటినీ తిరస్కరించు అనే సూత్రమూ, అన్నిటినీ సర్దుకుపో అనే సూత్రమూ రెండూ పనికిరావు.

అయితే గీత ఎక్కడ గీయాలి?

లినక్స్ ఫైర్‌వాల్ కమాండ్ ‘ఐపీటేబుల్స్’ని తీసుకుందాం. ఇందులో పెద్ద ఎల్ ఆప్షన్ నియమాల్ని చూపిస్తుంది, పెద్ద ఎఫ్ ఆప్షన్ వాటిని చెరిపేస్తుంది. రెండింటి తర్వాతా చైన్ పేరు రాయవచ్చు. పేరు రాయకపోతే మొదటిది ఆ టేబుల్లోని అన్ని చైన్లనీ చూపిస్తుంది, రెండోది అన్ని చైన్లలోని నియమాలనీ చెరిపేస్తుంది. మాన్యువల్లో ఇది స్పష్టంగానే రాసి ఉంది. రాసినవాళ్ల వైపు నుంచి చూస్తే ఇందులో ఒక పొందిక ఉంది. రెండు ఆప్షన్లకీ ఒకే వ్యాకరణం, గుర్తుపెట్టుకోవడం తేలిక.

వాడేవాళ్ల వైపు నుంచి చూడండి. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి ఉన్నారు. లోపలికి వచ్చే ట్రాఫిక్‌కి మూల విధానం ‘డ్రాప్’. మీ ఎస్ఎస్‌హెచ్ దారికి మినహాయింపు ఇచ్చే నియమం దాని మీద ఉంది. పరీక్ష కోసం పెట్టుకున్న ఒక చైన్ ఖాళీ చేద్దామనుకుని, పేరు రాయడం మరిచిపోయి ఎంటర్ కొట్టారు. నియమాలన్నీ పోయాయి, మూల విధానం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే ఎఫ్ ఆప్షన్ దాన్ని ముట్టుకోదు. ఆ క్షణం నుంచి మీ ప్యాకెట్లూ ‘డ్రాప్’. టెర్మినల్ బిగుసుకుపోతుంది. తప్పు దిద్దుకోవడానికి లోపలికి వెళ్లే దారి ఆ తప్పుతోనే మూసుకుపోయింది.

మూల విధానం ‘యాక్సెప్ట్’ అయితే ఇంకో రకం నష్టం. కనెక్షన్ తెగదు, ఎర్రర్ రాదు, అంతా మామూలుగానే కనిపిస్తుంది. సర్వర్ మాత్రం ఫైర్‌వాల్ లేకుండా తలుపులు బార్లా తీసుకుని కూర్చుంటుంది. నన్నడిగితే మొదటిదానికన్నా ఇదే ప్రమాదం. మొదటిది కనీసం వెంటనే తెలిసిపోతుంది.

మేస్త్రీకి ఫోన్ చేసి ‘గోడ పడగొట్టెయ్’ అని పెట్టేస్తే, ఎంత కొత్త మేస్త్రీ అయినా తిరిగి ఫోన్ చేసి ‘ఏ గోడండీ?’ అంటాడు. ఏదని చెప్పలేదు కాబట్టి ఇంట్లో గోడలన్నీ అని అర్థం చేసుకోడు.

కాబట్టి నేను గీసే గీత ఇది. చెప్పకుండా వదిలేసినదానికి ‘చూపించు’ అని అర్థం చెప్పుకోవచ్చు. ‘ఏమీ లేదు’ అనీ చెప్పుకోవచ్చు. ఏదైనా మార్చే కమాండ్‌లో మాత్రం దానికి ‘అన్నీ’ అనే అర్థం ఎప్పుడూ ఉండకూడదు. అన్నీ కావాలనుకున్నవాళ్లు అన్నీ అని రాయాలి.

ఎవరైనా అలా చేశారా?

చేశారు. లినక్స్‌లోనే ‘ఐపీ’ కమాండ్ చూడండి. ‘ఐపీ రూట్ షో’కీ ‘ఐపీ రూట్ ఫ్లష్’కీ ఆర్గ్యుమెంట్లు ఒకటే, వ్యాకరణం ఒకటే. కానీ ఏమీ ఇవ్వకపోతే ‘షో’ మెయిన్ టేబుల్ అంతా చూపిస్తుంది, ‘ఫ్లష్’ మాత్రం ఏమీ తుడవకుండా ఆగిపోతుంది. ‘ఐపీ అడ్రస్ ఫ్లష్’ కూడా ఏమీ ఇవ్వకపోతే పని చేయదు. పైగా ఈ ఫ్లష్ కమాండ్లకు జాలి లేదని, అడ్రసుల్ని కనికరం లేకుండా తుడిచేస్తాయని దాని మాన్యువల్ రాసినాయన ముందే హెచ్చరించి పెట్టాడు. పొందిక కోసం భద్రతను వదులుకోలేదు.

కానీ అదే మూటలో ‘ఐపీ రూల్ ఫ్లష్’ అనేది ఒకటుంది, దానికి ఈ బుద్ధి అబ్బలేదు. ఊరికే కొడితే సున్నా ప్రాధాన్యమున్న నియమం తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. మెయిన్ రూటింగ్ టేబుల్ చూడమని చెప్పే నియమమూ వాటితో పోతుంది. టేబుల్లో దారులన్నీ భద్రంగా ఉంటాయి, వాటి వైపు చూసేవాళ్లే ఉండరు. ఫ్లష్ అనే మాట ఒక చోట ఒకలా, పక్కనే ఇంకోలా నడుచుకోవడం కన్నా, మూడు చోట్లా ప్రమాదకరంగా ఉండటమే కాస్త నయమనిపిస్తుంది ఒక్కోసారి. కనీసం భయపడటం అలవాటవుతుంది.

సిస్కో రూటర్లో ‘క్లియర్ ఐపీ బీజీపీ’ అని కొట్టి ఆపేస్తే కమాండ్ అసంపూర్ణం అని ఒక్క వరసలో తిప్పికొడుతుంది. ఏ నైబర్‌తోనో చెప్పాలి, లేదా అన్ని బీజీపీ సెషన్లూ తెంచి మళ్లీ మొదలుపెట్టాలంటే చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. అది ఒక్క కీ నొక్కడమే, శ్రమేమీ లేదు. కానీ ఆ నక్షత్రం పొరపాటున పడదు, ఎవరో కావాలని పెట్టాలి. జూనిపర్ జూనోస్‌లో కాన్ఫిగరేషన్ మోడ్‌లో ‘డిలీట్’ అని ఊరికే కొడితే, ఈ స్థాయి కింద ఉన్నదంతా తీసేయమంటారా అని అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే ‘వద్దు’ అన్నట్టే. ఐపీటేబుల్స్ స్థానంలోకి 2014లో లినక్స్ కెర్నెల్ 3.13తో వచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో మొత్తం తుడిచేయాలంటే ‘ఫ్లష్ రూల్‌సెట్’ అని పూర్తిగా రాయాలి. పాత పాఠం బాగానే వంటబట్టింది.

విండోస్‌లో మాత్రం ‘ఐపీకాన్ఫిగ్’ రిలీజ్ ఆప్షన్‌కి అడాప్టర్ పేరు చెప్పకపోతే అన్ని అడాప్టర్ల డీహెచ్‌సీపీ అడ్రసులూ వదిలేస్తుంది. ఎదురుగా కూర్చుని కొట్టినవాళ్లకి రెన్యూ చేసుకోవడం క్షణం పని. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉండి కొట్టినవాళ్లు ఆ యంత్రం దగ్గరున్న మనిషి కోసం వెతుక్కోవాలి.

మాట తప్పిపోయినా వాక్యం పూర్తిగానే ఉంటే?

ఇక్కడే అసలు చిక్కు. అమీర్‌పేటలో సీసీఎన్ఏ కోచింగ్ తీసుకున్న ఎవరికైనా ఈ సిస్కో స్విచ్ కమాండ్ తెలిసే ఉంటుంది: ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 20’. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ మీద ఇప్పటికే వెళ్తున్న వీల్యాన్లకి 20ని కలపమని దీని అర్థం. ఇందులో ‘యాడ్’ అనే మాట మరిచిపోయారనుకోండి. కమాండ్ అసంపూర్ణం కాదు. దానికి వేరే అర్థం వస్తుంది: ఈ ట్రంక్ మీద 20 ఒక్కటే వెళ్లాలి, మిగతావన్నీ ఆపెయ్. స్విచ్ మారు మాట్లాడకుండా ఆ పని చేస్తుంది. ఆపేసినవాటిలో మీరు ఆ స్విచ్‌లోకి వచ్చిన మేనేజ్‌మెంట్ వీల్యాన్ ఉంటే మీరూ బయటికే.

దీన్ని ఏ తిరస్కరణా ఆపలేదు, ఎందుకంటే తిరస్కరించడానికి అక్కడ లోటేమీ కనిపించదు. తప్పు వ్యాకరణం కట్టినప్పుడే జరిగింది. కలపడానికి ఒక మాట, పాతవి తీసేసి కొత్తది పెట్టడానికి ఇంకో మాట ఉండి, రెండిట్లో ఏదో ఒకటి రాయక తప్పదని ఉంటే ఇంతమంది రాత్రి డ్యూటీల్లో చెమటలు పట్టించుకునేవాళ్లు కాదు. మాట లేనప్పుడు వచ్చే అర్థం రెండిట్లో తక్కువ నష్టం చేసేది అయి ఉండాల్సింది. ఇక్కడ తలకిందులైంది.

ఇంకో రకం ఉంది, దాని నష్టం చిన్నదే గానీ తికమక పెద్దది. ‘కర్ల్’లో చిన్న ఓ ఆప్షన్ తర్వాత ఏ ఫైలులో దాచాలో పేరు రాయాలి. ఆ పేరు మరిచిపోయి నేరుగా వెబ్ చిరునామా రాస్తే, ఆప్షన్ ఆ చిరునామానే ఫైలు పేరుగా మింగేస్తుంది. అప్పుడు కర్ల్ యూఆర్ఎల్ ఇవ్వలేదని ఫిర్యాదు చేస్తుంది. చిరునామా కళ్లెదురుగా కనిపిస్తుంటే లేదంటుందేమిటని మనం దాన్నే పదిసార్లు చూసుకుంటాం. ఫైలు పేరు స్థానంలో యూఆర్ఎల్‌లా కనిపించేది వచ్చిందని ఒక మాట కలిపితే చాలు.

మనిషి సరే, స్క్రిప్ట్ పిలిస్తే?

ఆర్గ్యుమెంట్లు ఎక్కువగా తప్పిపోయేది మనుషుల చేతుల్లో కాదు, స్క్రిప్టుల్లో. చైన్ పేరు ఒక వేరియబుల్లో పెట్టి ఐపీటేబుల్స్‌ని పిలుస్తాం. ఏదో కారణంగా ఆ వేరియబుల్ ఖాళీగా ఉంటే, కోట్స్ పెట్టనప్పుడు షెల్ దాన్ని పూర్తిగా మాయం చేస్తుంది. పనిముట్టుకి చేరేది చైన్ పేరు లేని కమాండ్. అది మనిషి మరిచిపోయినదా, కావాలనే అన్నీ చెరపమన్నదా అని దానికి తెలిసే దారే లేదు. 2015 జనవరిలో లినక్స్ స్టీమ్ క్లయింట్ స్క్రిప్టులో జరిగింది ఈ కోవలోదే. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ అయింది, దాని వెనకున్న స్లాష్ ఒక్కటే మిగిలింది, తుడిచే కమాండ్ డిస్కు మొదటి నుంచి మొదలుపెట్టింది. సొంత ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అడిగి తెలుసుకోవడం మనిషికి బాగుంటుంది. సిస్కోలో ప్రివిలేజ్డ్ మోడ్‌లో ‘పింగ్’ అని ఊరికే కొడితే ప్రోటోకాల్ ఏది, గమ్యం ఏది, ఎన్నిసార్లు, ఎంత సైజు అని ఒక్కొక్కటే అడుగుతుంది. గమ్యం తప్ప మిగతావాటికి బ్రాకెట్లో డిఫాల్ట్ చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి అంతకంటే మర్యాద ఏముంటుంది? కానీ అర్ధరాత్రి క్రాన్ నడిపే స్క్రిప్టుకి ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాళ్లెవరు? అందుకే ఎదురుగా టెర్మినల్ ఉందో లేదో ముందు చూసుకుని, ఉంటే అడగాలి, లేకపోతే తిరస్కరించాలి.

స్క్రిప్టుల తరఫున ఎదురు వాదన ఒకటుంది, అందులో న్యాయమూ ఉంది. తీసేయాల్సిన ఫైళ్ల జాబితా ఒక్కో రోజు ఖాళీగా ఉండవచ్చు. అప్పుడు ‘ఆర్ఎం’ చిన్న ఎఫ్ ఆప్షన్‌తో ఎర్రర్ ఇస్తే బిల్డ్ అంతా ఆగిపోతుంది. అందుకే గ్నూ ‘ఆర్ఎం’ ఎఫ్ ఆప్షన్ ఉండి ఫైళ్లు లేకపోతే చడీచప్పుడూ లేకుండా విజయం అని ముగిస్తుంది, పోసిక్స్ ప్రమాణమూ దాన్ని ఒప్పుకుంది. ఇది నా గీతకి ఇవతలే ఉంది. ఇక్కడ ఖాళీకి అర్థం ‘ఏమీ లేదు’, ‘అన్నీ’ కాదు. ‘ఎన్‌మ్యాప్’ ఇంకాస్త నయం. స్కాన్ ఆప్షన్ ఇచ్చి గమ్యం ఇవ్వకపోతే, గమ్యాలేవీ చెప్పలేదు కాబట్టి 0 హోస్టులు స్కాన్ చేశానని హెచ్చరించి ముగిస్తుంది.

తిరస్కరించడం ఎలా?

దీనికీ ఒక తీరుంది. ఏది తప్పిపోయిందో పేరు పెట్టి చెప్పాలి. ‘డబ్ల్యూగెట్’ యూఆర్ఎల్ లేదని ఒక ముక్క, వాడే పద్ధతి ఒక ముక్క, సహాయం ఎక్కడ దొరుకుతుందో ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది. కొన్ని పనిముట్లు రెండు స్క్రీన్ల ఆప్షన్ల జాబితా కుమ్మరించి అసలు తప్పుని పైకి తోసేస్తాయి.

అంతకన్నా ముఖ్యమైనది ముగిసేటప్పుడు వదిలివెళ్లే ఎగ్జిట్ కోడ్. లినక్స్ ‘పింగ్’ జవాబు వస్తే 0తో, ఒక్క జవాబూ రాకపోతే 1తో, పేరు దొరక్కపోవడం లాంటి ఇతర తప్పులకి 2తో ముగుస్తుంది. మానిటరింగ్ స్క్రిప్టులో సర్వర్ పేరు తప్పుగా పడిందనుకోండి, 2 వస్తుంది. స్క్రిప్ట్ రాసినవాళ్లు సున్నా కానిదంతా సర్వర్ పడిపోయినట్టే అని రాసి ఉంటే, నిక్షేపంగా నడుస్తున్న సర్వర్ కోసం ఎవరినో నిద్రలేపుతారు. పనిముట్టు తన వంతు సరిగ్గానే చేసింది, వినేవాళ్లే ఒకటికీ రెండుకీ తేడా చూడలేదు. ఇక సహాయం మనం అడిగినప్పుడు మామూలు అవుట్‌పుట్‌లోకి రావాలి, కోడ్ 0 ఉండాలి. తప్పు చేసినందుకు వచ్చే సందేశం ఎర్రర్ దారిలో వెళ్లాలి, కోడ్ సున్నా కాకూడదు. లేకపోతే పైపులో తర్వాతి కమాండ్ ఆ తిట్లనే డేటా అనుకుని మింగుతుంది.

మొదట్లో ఉదారంగా ఉండి తర్వాత బిగించవచ్చు కదా?

అదంత తేలిక కాదు. పాత ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’కి నెట్‌మాస్క్ ఇవ్వకుండా 10.1.2.3 అని అడ్రస్ ఇస్తే, పాత క్లాసుల లెక్క ప్రకారం 255.0.0.0 పెట్టుకుంటుంది. 10తో మొదలయ్యే యావత్తు ప్రపంచం పక్కనే ఉందనుకుంటుంది. 1993లో సైడర్ అనే క్లాసుల్లేని అడ్రస్ పద్ధతి వచ్చి ఆ క్లాసుల లెక్కే చెల్లకుండా పోయింది, డిఫాల్ట్ మాత్రం పోలేదు. తర్వాత వచ్చిన ‘ఐపీ’ కమాండ్ అదే లోటుని ప్రిఫిక్స్ పొడవు 32 అని పూరించుకుంటుంది, అంటే ఆ ఒక్క అడ్రస్ మాత్రమే. ఊహ తప్పినా నష్టం తక్కువ.

అదే ‘ఐపీ’లో అడ్రస్ తీసేసేటప్పుడు ప్రిఫిక్స్ పొడవు రాయకపోతే ఒక హెచ్చరిక వచ్చేది: పాత స్క్రిప్టులు చెడిపోకూడదని వైల్డ్‌కార్డ్ పద్ధతిలో తీసేస్తున్నాను, ఇది ముందు ముందు ఉండకపోవచ్చు, మీ స్క్రిప్టులు సరిచేసుకోండి అని. ఒకసారి ఒప్పుకున్న లోటుని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ హెచ్చరికే చెబుతుంది. ‘గిట్ పుష్’దీ ఇదే కథ. ఏ బ్రాంచో చెప్పకపోతే ఒకే పేరున్న బ్రాంచిలన్నీ పంపేసే పాత డిఫాల్ట్‌ని 2014లో వెర్షన్ 2.0లో మార్చారు, అదీ ముందు నుంచీ హెచ్చరిస్తూ వచ్చాక. ఈ రోజు తిరస్కరించిన రూపానికి రేపు ఏ అర్థమైనా ఇవ్వవచ్చు, ఎవరి స్క్రిప్టూ చెడదు. ఈ రోజు ఒప్పుకున్నదానికి రేపు అర్థం మారిస్తే ఊళ్లో సగం స్క్రిప్టులు చెడతాయి. కొత్తగా పనిముట్టు రాసేవాళ్లు మొదట్లో పిసినారితనం చూపించాలనడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అలాగని అన్నీ రాయించి చూసుకుంటే ప్రమాదాలు పోతాయని కాదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సేవ పడిపోయినప్పుడు ఆర్గ్యుమెంట్ తప్పిపోలేదు, తప్పుగా పడింది. కొన్ని సర్వర్లు తీయాల్సిన కమాండ్ చాలా సర్వర్లని తీసేసింది. తర్వాత వాళ్లు ఆ పనిముట్టులోనే కట్టుదిట్టం చేశారు. సర్వర్లని నెమ్మదిగా తీయాలి, కనీస స్థాయికి దిగువకి పోనివ్వకూడదు.

ఉన్నవాటితో కాలక్షేపం చేయాల్సినవాళ్లు?

ఐపీటేబుల్స్‌ని ఎవరూ ఇప్పుడు మార్చరు. స్క్రిప్టులో వేరియబుల్ ఖాళీగా ఉంటే అక్కడే ఆగేలా షెల్‌కి చెప్పవచ్చు. ‘సెట్’ కమాండ్ చిన్న యూ ఆప్షన్ అసలు విలువే ఇవ్వని వేరియబుల్‌ని పట్టుకుంటుంది. విలువ ఇచ్చినా ఖాళీగా ఉన్నదాన్ని పట్టుకోవాలంటే పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెట్టి రాయాలి. దూరంగా ఉన్న ఫైర్‌వాల్‌లో నియమాలు మార్చేటప్పుడు ‘ఐపీటేబుల్స్-అప్లై’ వాడితే, కనెక్షన్ నిలిచిందా అని అడుగుతుంది. కాసేపటిలో జవాబు రాకపోతే పాత నియమాలు తిరిగి పెట్టేస్తుంది. జూనోస్‌లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఆ పనే చేస్తుంది. అందులో ఎన్ని నిమిషాలో రాయకపోతే 10 అనుకుంటుంది. చెప్పనిదాన్ని పూరించుకోవడంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ అది, ఎందుకంటే పూరించినది వెనక్కి తగ్గే వైపే ఉంది.

సిస్కో పాత రూటర్లలో ఆ సదుపాయం లేనివాళ్లు ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి పని మొదలుపెడతారు. మార్పు వికటించి లోపలికి దారి మూసుకుపోతే, 10 నిమిషాలకు రూటర్ తిరిగి లేచి, దాచిపెట్టిన పాత కాన్ఫిగరేషన్‌తో నడుస్తుంది. మధ్యలో కాన్ఫిగరేషన్‌ని దాచే ‘రైట్’ కమాండ్ కొట్టకూడదు. మార్పులు దాచమంటారా అని అది అడిగితే వద్దనాలి. పని సజావుగా అయిపోతే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టాలి. అది కొట్టడం మరిచిపోయినవాళ్ల రూటర్ మాత్రం ఇచ్చిన మాట ప్రకారం పదో నిమిషాన, పని వేళల్లో, అందరి కనెక్షన్లూ తెంచి రీలోడ్ అవుతుంది.